ఎవరి పొయ్యికి ఆ మాట: కల్పిత భాషల్లో నిప్పు

(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మృతికి నివాళిగా అమెరికాలో, కాలిఫోర్నియా తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



కృష్ణమూర్తిగారి పేరు మీద ప్రసంగం అనగానే ద్రావిడ ధాతువుల గురించో, తెలుగు క్రియల గురించో వింటామని మీరు అనుకుని ఉంటారు. డ్రాగన్లూ, ఎల్ఫులూ, నీలం రంగు మనుషులూ మాట్లాడే భాషల్లో నిప్పును ఏమంటారన్నది ఆయన స్థాయికి తగిన విషయమేనా అన్న అనుమానం కొందరికి కలగవచ్చు. నాకు ఆ అనుమానం లేదు. భాషలను పుట్టించేవాళ్ళు చేసే పని ఆయన జీవితమంతా చేసిన పనికి అద్దంలో బొమ్మ. ఆయన ఇవాళ్టి మాటల నుంచి వెనక్కి నడిచి మూలధాతువును చేరుకున్నారు. వీళ్ళు మూలధాతువును తామే అనుకుని అక్కడి నుంచి ఇవాళ్టి మాట దాకా ముందుకు నడుస్తారు. దారి ఒకటే, నడిచే దిక్కు వేరు.

ఆయన గురించి నాలుగు మాటలు. 1928లో ఒంగోలులో పుట్టారు. ఈ దేశానికి వచ్చి ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు తీసుకున్నారు. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1961లో ప్రచురించింది మన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమే. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. 2003లో ద్రావిడ భాషల మీద కేంబ్రిడ్జి వేసిన పెద్ద పుస్తకం ఆయనదే. 2012లో కన్నుమూశారు. వీటన్నిటి మధ్య ఆయన చేసిన మరో పని ఉంది. పండితులు దాన్ని తక్కువగా తలుచుకుంటారు. నా ప్రసంగం చివరికి చేరేది ఆ పని దగ్గరికే.

బర్క్‌లీ నేల

మనం కూర్చున్న ఈ రాష్ట్రానికీ కల్పిత భాషలకూ ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది. బర్క్‌లీలో 1950లలో భాషాశాస్త్ర శాఖను స్థాపించిన మరీ ఎమెనో, టి. బరోతో కలిసి ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు కూర్చారు. 1961లో మొదటి కూర్పు, 1984లో రెండోది. ద్రావిడ ధాతువుల మీద పనిచేసే ఎవరికైనా చేతికి అందేంత దూరంలో ఉండాల్సిన పుస్తకం అది.

అదే శాఖలో 1977లో మార్క్ ఓక్రాండ్ డాక్టరేటు తీసుకున్నాడు. ఆయన వ్యాకరణం రాసిన భాష ముట్సున్. కాలిఫోర్నియా ఆదివాసులది. ఆ భాష ధారాళంగా మాట్లాడగలిగిన చివరి మనిషి 1930లోనే పోయింది. పాతవాళ్ళు రాసిపెట్టిన కాగితాల నుంచి ఓక్రాండ్ వ్యాకరణాన్ని తవ్వి తీశాడు. తర్వాత ఆయన బధిరుల కోసం టీవీ కార్యక్రమాలకు మాటలు అచ్చువేసి చూపే సంస్థలో ఉద్యోగం చేస్తూనే స్టార్ ట్రెక్ సినిమాలకు క్లింగాన్ భాషను తయారుచేశాడు. 1985లో దాని నిఘంటువు అచ్చయింది. మాట్లాడేవాళ్ళు మిగలని భాషకు వ్యాకరణం రాసిన చేయే, మాట్లాడేవాళ్ళు ఇంకా పుట్టని భాషకూ రాసింది.

బర్క్‌లీలోనే భాషాశాస్త్రం చదివిన మరో కుర్రాడు డేవిడ్ పీటర్సన్. 1981లో లాంగ్‌బీచ్‌లో పుట్టాడు. 2009లో హెచ్‌బీఓ వాళ్ళు గేమ్ ఆఫ్ థ్రోన్స్ కోసం దోత్రాకీ భాష కావాలన్నప్పుడు, భాషలు కల్పించేవాళ్ళ సంఘం ఒక పోటీ పెట్టింది. వందల పేజీల ప్రతిపాదనతో పీటర్సన్ గెలిచాడు. అవతార్ సినిమాకు నావీ భాషను ఇచ్చిన పాల్ ఫ్రామర్ లాస్ ఏంజలెస్‌లో బిజినెస్ స్కూలు ఆచార్యుడిగా పనిచేశాడు. ఆయన డాక్టరేటు మాత్రం భాషాశాస్త్రంలోనే.

వీళ్ళందరికీ గురువు స్థానంలో నిలిచే జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఇంగ్లండువాడు. అయినా ఆయన వ్రాతప్రతుల్లో ముఖ్యమైనవి అమెరికాలోనే ఉన్నాయి. లార్డ్ ఆఫ్ ద రింగ్స్, హాబిట్ ప్రతులను మిల్వాకీలోని మార్కెట్ విశ్వవిద్యాలయం 1957లో 1,500 పౌండ్లకు కొనుక్కుంది. ఆయన భాషల మీద వచ్చిన ప్రధాన పత్రికలు కూడా ఇక్కడివే. ఒకదాన్ని కాలిఫోర్నియాలో క్రిస్టఫర్ గిల్సన్, మరోదాన్ని నాసాలో కంప్యూటర్ పని చేసిన కార్ల్ హోస్టెటర్ నడిపారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ సాయంత్రాలు పద్యాలు రాసుకునే మనవాళ్ళకు ఈ రెండు జీవితాలూ కొత్తగా అనిపించవు.

ఒక ధాతువు, రెండు భాషలు

1930లలో టోల్కీన్ తన ఎల్ఫు భాషలకు ధాతుకోశం ఒకటి రాసుకున్నాడు. ఆయన పోయాక 1987లో కొడుకు దాన్ని అచ్చు వేయించాడు. అందులో ‘నర్’ అని ఒక ధాతువు ఉంది. నిప్పు, జ్వాల అని అర్థం. దాని నుంచి క్వెన్యా భాషలో ‘నార్’ వచ్చింది. సోదరభాష అయిన సిండరిన్‌లో అదే ‘నౌర్’ అయింది. ఆ ధాతువు నుంచే సూర్యుడి పేరు కూడా పుట్టింది. క్వెన్యాలో ‘అనార్’, సిండరిన్‌లో ‘అనోర్’.

ఇక్కడ ఆగి చూడండి. నిప్పు అన్నప్పుడు దీర్ఘమైన ‘ఆ’ సిండరిన్‌లో ‘ఔ’ అయింది. సూర్యుడు అన్నప్పుడు అదే ‘ఆ’ ఊనిక లేని చివరి అక్షరంలో పడింది కాబట్టి ‘ఓ’ దగ్గర ఆగింది. టోల్కీన్ రెండు మాటలను విడివిడిగా కల్పించలేదు. ఒక ధ్వనిసూత్రాన్ని కల్పించాడు. మాటలు ఆ సూత్రంలోంచి వాటంతట అవే రాలాయి.

మన దగ్గర సరిగ్గా ఇలాంటిదే ఉంది, అదీ నిప్పు మాటలోనే. కన్నడంలో నిప్పుకు ‘కిచ్చు’ అని ఒక మాట. తెలుగులో అది ‘చిచ్చు’. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు పాత ‘క’కారం తెలుగులో ‘చ’కారం అవుతుంది. కన్నడంలో ‘కివి’, మనకు ‘చెవి’. వాళ్ళకు ‘కై’, మనకు ‘చెయ్యి’. వినడానికి పోలికే లేని మాటలను ఒక కుటుంబంలో కూర్చోబెట్టేది ఈ సూత్రం. తమిళుల ‘నెరుప్పు’ను మన ‘నిప్పు’కు తోబుట్టువు చేసేదీ ఇలాంటి లెక్కే.

సూత్రం లేకుండా పోలికను నమ్మితే ఎక్కడికి పోతామో కృష్ణమూర్తిగారి శిష్యులకు తెలుసు. నిప్పు, నిప్పాన్ ఒకేలా వినిపిస్తున్నాయి కాబట్టి జపానువాళ్ళు మన చుట్టాలని వాదించేవాడు ఏ సభలోనైనా ఒకడు లేస్తాడు. మరోవైపు సంస్కృతం ‘అగ్ని’, లాటిన్ ‘ఇగ్నిస్’ నిజంగానే ఒక తల్లి బిడ్డలు. మన ‘అగ్గి’ ప్రాకృతం మీదుగా ఆ ఇంటి నుంచి వచ్చి మన పొయ్యిలో స్థిరపడింది.

పీటర్సన్‌కు ఇదే చిక్కు ఎదురైంది. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కు మూలమైన నవలలు రాసిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 2000లో అచ్చయిన నవలలో డ్రాగన్ నిప్పుకు ‘డ్రకారిస్’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో డ్రాగన్‌ను ‘డ్రాకో’ అంటారు కాబట్టి చదివిన ప్రతివాడికీ ఆ లంకె కనిపిస్తుంది. కానీ కథలోని లోకంలో లాటిన్ లేదు. వలీరియన్ భాషను నిర్మించేటప్పుడు పీటర్సన్ ఆ పోలికను యాదృచ్ఛికంగానే ఉంచాడు. డ్రాగన్‌కు ‘జల్‌ద్రీజెస్’ అని సంబంధం లేని వేరే మాట ఇచ్చాడు. మామూలు నిప్పుకు ‘పెర్‌జిస్’ అన్నాడు. నవలాకారుడు వదిలిపోయిన నాలుగు మాటలను చెడగొట్టకుండా వాటి చుట్టూ నాలుగు లింగాలు, నాలుగు వచనాలు ఉన్న వ్యాకరణం అల్లాడు. ఆ లింగాలకు చంద్రుడు, సూర్యుడు, భూమి, నీరు అని పేర్లు. ‘పెర్‌జిస్’ చివర ‘ఇస్’ ఉంది కాబట్టి నిప్పు సౌరలింగంలో పడింది. అర్థం చూసి కాదు, మాట తోక చూసి పడింది. అయినా వినేవాడికి నిప్పు సూర్యుడి పక్షాన ఉండడం సబబుగానే తోస్తుంది.

2013 ఏప్రిల్ 21న ప్రసారమైన గేమ్ ఆఫ్ థ్రోన్స్ భాగంలో ఈ ‘డ్రకారిస్’ బాగా పేలింది. బానిసల వ్యాపారి ఒకడు, ఎదుట ఉన్న రాణికి తన భాష రాదన్న ధీమాతో ఆమెను బూతులు తిడుతూ బేరమాడతాడు. బేరం ముగిశాక ఆమె వలీరియన్ తన తల్లిభాష అని అదే భాషలో చెబుతుంది. తర్వాత ఆ ఒక్క మాట అంటుంది. డ్రాగన్ వాణ్ణి కాల్చేస్తుంది. ‘డ్రకారిస్’ నామవాచకం. ‘కాల్చు’ అన్న ఆజ్ఞ కాదు. ఊళ్ళో గడ్డివాము అంటుకుంటే మనవాళ్ళు కూడా ‘మంటలు, మంటలు’ అనే అరుస్తారు. ‘ఆర్పండి’ అన్నది ఆ కేకలో ఉండనే ఉంది. నిప్పు విషయంలో పేరే ఆజ్ఞ అవుతుందని మార్టిన్‌కు వ్యాకరణం నేర్పలేదు, చెవి నేర్పింది.

నాలుగు భాషల అగ్నిపర్వతం

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. క్లింగాన్‌లో నిప్పు ‘ఖుల్’, కొండ ‘హుడ్’. అగ్నిపర్వతం ‘ఖుల్‌హుడ్’. నావీలో నిప్పు ‘టెప్’. ‘ట’ను గొంతు బిగించి గుప్పున వదలాలి. కొండ ‘రామ్’. అగ్నిపర్వతం ‘టెప్‌రామ్’. సిండరిన్‌లో కొండ ‘ఒరోద్’, ఎర్రని జ్వాల ‘రుయిన్’. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ కథలో ఉంగరాన్ని పారేయాల్సిన మండే కొండ పేరు ‘ఒరోద్రుయిన్’. తెలుగులో మనం అనేది ‘అగ్నిపర్వతం’.

నాలుగు భాషలూ ఒకే పని చేశాయి. నిప్పును, కొండను తెచ్చి అతికించాయి. మూడు కల్పిత భాషలు అలా చేయడంలో వింత లేదు. నాలుగోది మనది. మన ఊళ్ళలో లావా కక్కే కొండ లేదు. ఆ అవసరం భూగోళం పుస్తకంతో వచ్చింది. కాబట్టి పుస్తకం రాసేవాళ్ళు బల్ల దగ్గర కూర్చుని సంస్కృతం నుంచి రెండు ముక్కలు తీసుకుని సమాసం చేశారు. ఆ ఒక్క మాట వరకూ తెలుగూ కల్పిత భాషే.

సమాసం అన్నది భాష కల్పించేవాడికి అన్నిటికన్నా తేలిక దారి. బూడిదను నావీలో ‘టెపివ’ అంటారు. నిప్పు నుంచి రాలిన తునక అని దాని లోపలి అర్థం. అందమైన మాటే. ప్రత్యయాలు చేర్చడమూ తేలికే. దోత్రాకీలో ‘దవ్ర’ అంటే మంచిది. ముందొక ముక్క, వెనకొక ముక్క తగిలిస్తే ‘అథ్‌దవ్రజర్’, మంచితనం. మనకూ అలాంటి మూసలు ఉన్నాయి. మండు నుంచి మంట. వండు నుంచి వంట. పండు నుంచి పంట. మూడూ ఒకే పోతలో పోసినవి. క్రియాధాతువుల గ్రంథంలో కృష్ణమూర్తిగారు పట్టి చూపిన క్రమాలు ఈ జాతివే. ఇంతవరకూ టోల్కీన్, ఓక్రాండ్, పీటర్సన్, ఫ్రామర్ ఎవరూ మనకు తీసిపోరు.

సమాసానికి దొరకని మాటలు

ఇక్కడి నుంచి దారి కష్టమవుతుంది. తెలుగులో ‘దాలి’ అని ఒక మాట ఉంది. పెరట్లో మట్టితో కట్టిన గుంటపొయ్యి. అందులో పిడకలు పేర్చి రాజేసి వదిలేస్తారు. మంట లేవదు, సెగ ఉంటుంది. పొద్దున పిండిన పాలను కుండతో దాని మీద పెడితే మధ్యాహ్నానికి ఎర్రగా కాగి, అరచేతి మందం మీగడ కడతాయి. ఈ మాటను ధాతువు నుంచి సూత్రంతో తీయలేం. రెండు ముక్కలు అతికించి చేయలేం. దీనికి ముందు పాడి ఉండాలి, పేడ ఎత్తి పిడకలు కొట్టే చేతులు ఉండాలి, మధ్యాహ్నం దాకా ఆగగలిగిన ఇల్లు ఉండాలి. అవన్నీ ఉంటే మాట దానంతటదే ఉంటుంది.

టోల్కీన్ ఈ ఇబ్బందిని గ్రహించాడనే అనుకుంటాను. ఆయన భాషల్లో నిప్పు ఒక్క ‘నర్’తో ఆగదు. ఎర్రని జ్వాలకు క్వెన్యాలో ‘రున్య’. ఎగిసిపడే జ్వాలకు సిండరిన్‌లో ‘లాఖ్’. రాజుకుంటూ ఉన్న కొరివికి, కణికకు క్వెన్యాలో ‘యూల’. శత్రువుల నల్ల భాషలో నిప్పు ‘ఘాష్’. గొంతులో గరగరలాడే ఆ మాటను ఎల్ఫు నోరు పలకడానికి ఇష్టపడదు. నిప్పు రంగును, ఎత్తును, వయసును ఆయన విడదీశాడు. అయినా ఆ నిప్పుతో ఎవరేం వండుకున్నారో మనకు తెలియదు. ఎల్ఫుల్లో మహా లోహకారులు ఉన్నారు. ఫెయనోర్ పేరులోనే నిప్పు ఉంది. కానీ వాళ్ళ కొలిమిలో తిత్తి ఊదిన కుర్రవాడు దాన్ని ఏమన్నాడో ఏ పుటలోనూ దొరకదు.

కృష్ణమూర్తిగారు చేసిన, తక్కువగా తలుచుకునే పని అని మొదట అన్నది ఇక్కడికి వస్తుంది. ఆయన ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలు వేసింది. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. ధాతువుల పండితుడు రైతు దగ్గరికి, మగ్గం దగ్గరికి మనుషుల్ని పంపి, ఈ పనిముట్టును ఇక్కడ ఏమంటారు, ఆ తాలూకాలో ఏమంటారు అని అడిగించి రాయించాడు. నిఘంటువుల్లో లేని మాటలు పనివాళ్ళ నోట్లో ఉంటాయని నమ్మడమే ఆ పనికి పునాది.

అదే పద్ధతిలో నిప్పు మాటలను అడుగుతూ పోతే ఏం దొరుకుతుంది? కమ్మరికి కొలిమి. కంసాలికి కుంపటి, ఊదుగొట్టం. కుమ్మరికి ఆవం. ఇటుకల పనివాళ్ళకు బట్టీ. ఇంటి ఇల్లాలికి పొయ్యి, కుంపటి, దాలి. పీర్ల పండుగకూ, వీరభద్రుడి జాతరకూ గుండం. సంక్రాంతి ముందు రోజు తెల్లవారుజామున భోగిమంట. కాటికి కొరివి. అడవికి కార్చిచ్చు. ఇవి ఒకదానికి ఒకటి పర్యాయపదాలు కావు. వీటి మధ్య పనుల సరిహద్దులు ఉన్నాయి.

మాటలు మనసులోకి వెళ్ళేటప్పుడు కూడా ఆ సరిహద్దులు చెరగవు. లంచం ముట్టని ఆఫీసరును ‘నిప్పులాంటి మనిషి’ అంటాం. ఆయన్ను ‘మంటలాంటి మనిషి’ అని ఎవరూ అనరు. అన్నదమ్ముల మధ్య పెట్టేది ‘చిచ్చు’. పక్కవాడు ఇల్లు కొంటే కడుపులో లేచేది ‘మంట’. కోపం వచ్చిన పెద్దమనిషి ‘అగ్గి మీద గుగ్గిలం’ అవుతాడు. మంత్రిగారికి జిల్లా పర్యటనలో తగిలేది ‘నిరసన సెగ’ అని పత్రికలు రాస్తాయి. పైకి తేలని కక్ష ‘నివురుగప్పిన నిప్పు’. నీతి నిప్పుకు, తగాదా చిచ్చుకు, అసూయ మంటకు, ఆగ్రహం అగ్గికి, ఆందోళన సెగకు ఎవరు పంచిపెట్టారు? ఏ అకాడమీ కూర్చుని తీర్మానించలేదు. వాడుతూ వాడుతూ జనమే పంచుకున్నారు.

ఇంకో మెట్టు లోపలికి వెళితే, అనకూడని మాటలు ఎదురవుతాయి. దేవుడి ముందు పెట్టిన దీపం ఆరిపోయిందని మన ఇళ్ళలో అనరు. ‘కొండెక్కింది’ అంటారు. ఆర్పడం అన్న మాట దీపం దగ్గర నోటికి రాదు. సిగరెట్టును ఆర్పొచ్చు, స్టవ్ ఆర్పొచ్చు. దీపం దగ్గరికి వచ్చేసరికి భాషే తలవంచుతుంది. కల్పిత భాషకు వేయి మాటలు ఒక వేసవిలో చేయవచ్చు. ఏ మాట ఏ గదిలో అనకూడదో తెలియడానికి తరాలు కావాలి. ఇదే నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. నిప్పు మాటలను పుట్టించేది నిప్పు కాదు, నిప్పుతో పని ఉన్న మనుషులు. కల్పిత భాష ఎంత గట్టిదో దాని ధాతువులను చూసి కొంతే తెలుస్తుంది. మిగతాది దాని వంటింట్లోకి వెళ్ళి చూడాలి.

నిప్పే మనిషైతే

ఈ వంటింటి ప్రశ్నకు దగ్గరగా వచ్చిన కల్పిత భాష ఒకటి ఈ చుట్టుపక్కలే పుట్టింది. బర్క్‌లీకి ఆనుకుని ఉన్న ఎమరీవిల్‌లో పిక్సార్ స్టూడియో ఉంది. 2023 జూన్‌లో వాళ్ళు ఎలిమెంటల్ సినిమా విడుదల చేశారు. మీలో చాలామంది పిల్లలతో కలిసి చూసే ఉంటారు. అందులో నిప్పు మనుషుల కోసం డేవిడ్ పీటర్సన్, ఆయన భార్య జెస్సీ పీటర్సన్ కలిసి ఫైరిష్ అనే భాష చేశారు. జెస్సీ టెక్సస్‌లో భాషాశాస్త్ర ఆచార్యురాలిగా పనిచేసినావిడ. కట్టె చిటపటలాడే చప్పుడు మాటల్లో వినిపించేలా ధ్వనులు ఎంచుకున్నారు.

సినిమా తీసిన పీటర్ సోన్ తల్లిదండ్రులు కొరియా నుంచి వలస వచ్చి న్యూయార్క్ బ్రాంక్స్‌లో కిరాణా కొట్టు నడిపారు. కథ కూడా అదే. నిప్పులోకం నుంచి ఒక జంట కొత్త నగరానికి ఓడ దిగుతుంది. అధికారి పేరడుగుతాడు. వాళ్ళు తమ భాషలో చెప్పిన పేర్లు అతని చేతికి లొంగవు. బెర్నీ, సిండర్ అని రాసేస్తాడు. ఒంటి పేరుతో వచ్చిన మనవాళ్ళ వీసా మీద పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యు (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడడం, జీవితాంతం ఫోనులో ‘మిస్టర్ ఎఫ్‌ఎన్‌యు’ అని పిలిపించుకోవడం తెలిసిన మీకు ఈ ఘట్టం విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ జంట ఊరి నుంచి ఒక నీలిజ్వాలను లాంతరులో పెట్టుకుని తెస్తారు. కొట్టు మధ్యలో దాన్ని నిలబెడతారు.

భాష సంగతి చూస్తే, వాళ్ళ కూతురు ఎంబర్ పెరిగింది ఆ నగరంలో. మాట్లాడేది ఇంగ్లీషు. ఆమె నోట ఎక్కువగా వినిపించే ఫైరిష్ మాట ‘ఆష్‌ఫా’. నాన్న అని. పీటర్సన్ దంపతులు భాష మొత్తానికి వ్యాకరణం కట్టినా, కథ రెండో తరం నాలుక మీద ఎంత మిగులుతుందో అంతే మిగిల్చింది. ఇక్కడ పుట్టిన మన పిల్లల ఇంగ్లీషులో నాన్న, అమ్మమ్మ, బాబాయ్ అన్నవి అనువాదం కాకుండా నిలబడడం మీరు రోజూ వింటున్నదే. వరసలు చివరిదాకా ఉంటాయి. పనుల మాటలు ముందు పోతాయి. ‘ఆష్‌ఫా’ అనే ఆ పిల్లకు తన ఊరి కుంపటిని ఏమంటారో తెలుసా అన్న ప్రశ్న సినిమా అడగలేదు. మనం అడగవచ్చు, మన గురించి.

మన వంటింట్లో

తెలుగు సినిమా కూడా ఒక కల్పిత భాషను పెంచింది. 2015లో బాహుబలి వచ్చినప్పుడు అందులోని కాలకేయుల తెగ కోసం తమిళ గీతరచయిత మదన్ కార్కీ కిలికి భాషను చేశాడు. దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు అని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ తెగ నాయకుడిగా నటించిన ప్రభాకర్ దాన్ని నోటినిండా పలికితే హైదరాబాదులోనే కాదు, ఇక్కడి థియేటర్లలోనూ పిల్లలు వెంటనే అనుకరించారు. యుద్ధం చేసే తెగకు యుద్ధం మాటలు ఇచ్చారు. సినిమాకు అది చాలు. ఇకముందు తెలుగులో ఎవరైనా ఒక జాతికి భాష కల్పించదలిస్తే, ధ్వనుల పట్టిక రాసే ముందు వృత్తి పదకోశం చదవమని నా సలహా. ఆ తెగ గొడ్లను మేపుతుందా, ఉప్పు పండిస్తుందా, లోహం కరిగిస్తుందా అన్నది తేలితే, వాళ్ళ నిప్పుకు ఎన్ని పేర్లు కావాలో అదే చెబుతుంది.

ఇక మన ఇళ్ళు. అమెరికా వంటింట్లో దాలి లేదు, కుంపటి లేదు. గాజుపలక పొయ్యి మీద కనిపించే జ్వాల కూడా లేదు. అయినా సాంబారు పొంగుతుంటే అత్తగారు ఇప్పటికీ ‘మంట తగ్గించమ్మా’ అంటారు. కోడలు మీట తిప్పుతుంది. ఎక్కడా మంట లేదు, మాట మాత్రం పనిచేసింది. ఇండియాలో గ్యాసు పొయ్యి వచ్చాక ‘సిమ్‌లో పెట్టు’ అన్నది తెలుగు క్రియ అయిపోయింది. పోపు మాడి పొగ అలారం మోగితే కిటికీలు తెరిచి తువ్వాలుతో విసరడం ఇక్కడి ప్రతి తెలుగింటి విద్య. గృహప్రవేశంలో హోమం చేయాలంటే పురోహితుడు ముందు అడిగేది అలారం ఎక్కడుందనే. భోగిమంట పెరట్లోని ఇనుప గుంటలోకి కుదించుకుపోయింది. కాలిఫోర్నియా కార్చిచ్చుల కాలంలో ఆ మాత్రానికీ నిషేధం ఉంటుంది. కొత్త దేశంలో నిప్పుకు కొత్త పనులు, కొత్త కట్టుబాట్లు వచ్చాయి. వాటికి మాటలు కూడా వస్తున్నాయి. వాటిని ఎవరూ రాసుకోవడం లేదు.

అందుకని ఈ సభ ముందు ఒక పని పెడుతున్నాను. వేసవిలో మీ తల్లిదండ్రులు, అత్తమామలు ఆరు నెలల వీసా మీద వస్తారు. మధ్యాహ్నాలు వాళ్ళకు పొద్దు గడవదు. పిల్లల చేతికి ఒక ఫోను ఇచ్చి ఎదురుగా కూర్చోబెట్టండి. భాష గురించి అడగవద్దు. భాష గురించి అడిగితే పెద్దలు పాఠ్యపుస్తకంలా మాట్లాడతారు. పొయ్యి ఎలా రాజేసేవాళ్ళు, తడికట్టె అయితే ఏం చేసేవాళ్ళు, దాలిలో పాలు ఎప్పుడు దించేవాళ్ళు, దీపాన్ని ఏమనకూడదు అని అడగండి. జిల్లా పేరు, ఊరి పేరు, కులవృత్తి రాసుకోండి. ఒకే పనిముట్టుకు కరీంనగర్ మాట, కర్నూలు మాట, శ్రీకాకుళం మాట వేరుగా ఉంటే మూడూ రాయండి. ఒక్కటే సరైనదని తీర్పు చెప్పవద్దు. 1962లో కృష్ణమూర్తిగారి బృందం కాగితం, కలంతో చేసిన పని ఇదే. మీకు అంతకన్నా మంచి పనిముట్లు ఉన్నాయి.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఎల్ఫు భాషలూ, వలీరియనూ ఆబగా నేర్చుకునే పిల్లలు ఇక్కడ మన ఇళ్ళలోనే ఉన్నారు. పెద్దలు దాన్ని వ్యర్థం అనుకుంటారు. నాకు వాళ్ళు రేపటి భాషావేత్తల్లా కనిపిస్తారు. ‘నార్’ ఎందుకు ‘నౌర్’ అయిందో చెప్పగలిగిన పన్నెండేళ్ళ పిల్లకు ‘కిచ్చు’ ఎందుకు ‘చిచ్చు’ అయిందో చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలూ చెప్పగలిగిన పెద్దలు ఆమెకు దొరకాలి. వచ్చే ఏడు ఈ వేదిక మీద నాలాంటివాడి ఉపన్యాసానికి బదులు, ఆ పిల్లలు సేకరించిన నిప్పు మాటల పట్టికను చదివించండి. కృష్ణమూర్తిగారి పేరు పెట్టుకున్న సభకు అంతకన్నా తగిన కార్యక్రమం నాకు తోచడం లేదు.